పైడమ్మ ఏకబిగి, నూకరాజు మజిలీ

అనగనగా, అంటే మరీ అంత పాతకాలమేమీ కాదు, ఒక అడవిలో పెద్ద మడుగు ఒకటి ఉండేది. పిల్లలూ, ఆ మడుగులో జరిగినవన్నీ నాకు తెలుసు. నేను ఎవరినీ ఏమీ అడగను. వాళ్ళే వచ్చి చెబుతారు.

చలికాలం రాగానే ఆ మడుగుకి ఉత్తరం నుంచి అడవిబాతులు వచ్చేవి. తల మీద రెండు నల్లచారలుండే బాతులు. నాలుగు నెలలు తిని, ఈది, పోట్లాడుకుని, ఎండలు మొదలవగానే తిరిగి వెళ్ళిపోయేవి. వెళ్ళేది పక్క ఊరికి కాదు. మంచుకొండల అవతల ఉన్న ఉత్తరపు సరస్సుకి. గుడ్లు పెట్టేది అక్కడే.

వెళ్ళడానికి దండులు రెండు. ఒకటి ఏకబిగి దండు. అది ఇక్కడ లేస్తే మళ్ళీ అక్కడే దిగుతుంది. రెండు పగళ్ళు, రెండు రాత్రులు గాలిలోనే. రెండోది మజిలీ దండు. అది మొదటి సాయంత్రం కొండల కింద ఉన్న నడిమి చెరువులో దిగుతుంది. మూడు రోజులు మేసి, నిద్రపోయి, అప్పుడు కొండలు దాటుతుంది. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు దూరదేశం వెళ్ళేటప్పుడు ఒకే విమానంలో పోదామా, మధ్యలో దిగి ఇంకోటి ఎక్కుదామా అని అన్నం చల్లారిపోయేదాకా వాదించుకుంటారు చూడండి, ఇదీ అదే. బాతులకి కిటికీ సీటు గొడవ ఒక్కటే తక్కువ.

ఏ దండులో వెళ్ళేదీ నెల రోజుల ముందే తేల్చుకోవాలి. ఎందుకంటే మేత వేరు. ఏకబిగి వాళ్ళు పడమటి గట్టున తుంగగడ్డలు తవ్వుకు తినాలి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా తినాలి. నడిస్తే పొట్ట నేలకు రాసుకునేంత కొవ్వు పట్టాలి. ఆ కొవ్వే దారిలో అన్నం. మజిలీ వాళ్ళు తూర్పు గట్టున లేతగడ్డి తిని తేలిగ్గా ఉండాలి. నడిమి చెరువు చిన్నది, నీళ్ళ మీద పరుగు తీసి లేవడానికి చోటు చాలదు. బరువున్న బాతు అందులో దిగగలదు కానీ మళ్ళీ లేవలేదు.

ఇంకో ఆచారం కూడా ఉంది. జంట ఎప్పుడూ ఒకే దండులో ఎగరాలి, ఒకే చోట మేయాలి. ఎందుకు అని అడిగితే, మా తాతలు అలాగే చేశారు అనేవారు. తాతలు ఎందుకు చేశారో తాతలకీ తెలియదు.

ఆ బాతుల్లో పైడమ్మ, నూకరాజు అని ఒక జంట ఉంది. పోయిన ఏడు వాళ్ళు ఉత్తరపు సరస్సుకి ఆలస్యంగా చేరారు. సరస్సు మధ్యలో దిబ్బలు నాలుగే. నాలుగూ నిండిపోయాయి. పాపం, ఒడ్డున గూడు కట్టుకున్నారు. ఒడ్డు అంటే నక్క నడిచి రాగలిగే చోటు. నక్క నడిచి వచ్చింది. ఒక్క గుడ్డు కూడా మిగల్లేదు.

అందుకని ఈ ఏడు పైడమ్మ గట్టిగా అనుకుంది. నడి దిబ్బ దొరకాలి. దొరకాలంటే ముందు చేరాలి. ముందు చేరాలంటే ఏకబిగిన పోవాలి.

కానీ నూకరాజు కుడిరెక్క వలలో పడి బెణికింది. ఒక పగలు ఎగిరితే బాగానే ఉంటుంది. రెండో పూట నుంచి పట్టేస్తుంది. రెండు రోజులు విశ్రాంతి ఇస్తే మళ్ళీ మామూలే.

ఈ సంగతి తెలియగానే సలహాలు ఇచ్చేవాళ్ళు బయల్దేరారు. మన దగ్గర సలహాలకి ఎప్పుడూ కరువు లేదు.

ముందు తాబేలు వచ్చింది. "మజిలీలో పొండమ్మా. నన్ను చూడు. మా ఇంటి నుంచి గట్టుకి రావడానికి మూడు మజిలీలు చేస్తాను. ఏనాడైనా అలిసిపోయానా?" అంది.

తరువాత కొంగ వచ్చింది. "ఏకబిగి అంటే ఏకబిగే! నేను ఆ గట్టు నుంచి ఈ గట్టుకి మధ్యలో ఎక్కడా ఆగను," అంది. ఆ గట్టుకీ ఈ గట్టుకీ మధ్య అంతా నీళ్ళే. ఆగుదామన్నా చోటు లేదు.

చివరికి నీటికోడి అనసూయమ్మ వచ్చింది. ఆవిడ పుట్టాక మడుగు దాటి వెళ్ళలేదు. కానీ మంచుకొండల మీద ఏ పక్క గాలి ఎక్కువో ఆవిడే చెప్పాలి. "ఎలా పోయినా ఫరవాలేదు, జంటగా పొండి. జంట విడిపోయి ఎగిరితే నలుగురూ ఏమంటారు?" అంది.

"ఆ నలుగురూ ఎవరు పిన్నీ?" అడిగింది పైడమ్మ.

"ఒకరు నేను. మిగతా ముగ్గురికీ నేను చెబుతాను," అంది అనసూయమ్మ.

పైడమ్మ ఆ మధ్యాహ్నం నూకరాజును పక్కకి పిలిచింది.

"మావా, ఈసారి నేను ఏకబిగి. నువ్వు మజిలీ," అంది.

నూకరాజు మెడ చాచి అటూ ఇటూ చూశాడు. "జనం ఏమనుకుంటారు పైడీ?"

"జనం గుడ్లు పెట్టరు. నేను పెట్టాలి."

"నువ్వు ఒక్కదానివే దిబ్బ ఎలా కాస్తావు?"

"కూర్చుని కాస్తాను. నువ్వు నిదానంగా, రెక్క చూసుకుంటూ రా. నువ్వు వచ్చాక నేను లేస్తాను."

నూకరాజుకి ఆ లెక్క అర్థమైంది. ఒప్పుకున్నాడు. మర్నాటి నుంచి పైడమ్మ పడమటి గట్టున గడ్డలు తవ్వింది. నూకరాజు తూర్పు గట్టున గడ్డి కొరికాడు.

ఇక చూడండి.

"ఆవిడ ఆ గట్టున. ఆయన ఈ గట్టున. మధ్యలో మడుగంతా నీళ్ళు. ఇక నేను చెప్పేదేముంది?" అంది అనసూయమ్మ. అని ఒక గంట సేపు చెప్పింది.

మొదటి వారం, ఇద్దరూ పోట్లాడుకున్నారని అన్నారు. రెండో వారం, పైడమ్మ తుంగగడ్డలన్నీ తనే తినేస్తోందని నూకరాజు అలిగాడన్నారు. మూడో వారానికి నూకరాజు సన్యాసం తీసుకుంటున్నాడని తేలింది. ఏ కొండ మీద తపస్సు చేస్తాడో కూడా కొంగకి తెలుసు. నూకరాజుకి మాత్రం తెలియదు. అతను ఆ సమయానికి గడ్డి తింటున్నాడు.

పైడమ్మ ఈ మాటలు విని నవ్వుకుని ఇంకో గడ్డ తవ్వింది. నూకరాజుకి నవ్వు రాలేదు. మగవాళ్ళు అంతే. గద్ద వస్తే భయపడరు కానీ ఎవరైనా నవ్వితే భయపడతారు.

బయల్దేరే రోజు పొద్దున్నే రెండు దండులూ సిద్ధమయ్యాయి. మజిలీ దండుకి పెద్ద కోటమ్మ మామ్మ. ఆవిడ పద్దెనిమిదిసార్లు కొండలు దాటింది. ఏకబిగి దండుకి పెద్ద జంపయ్య. అతను పద్దెనిమిదిసార్లు దాటినట్టు మాట్లాడతాడు. దాటింది నాలుగుసార్లు.

జంపయ్య, అతని భార్య చిట్టెమ్మ ఊగుతూ నూకరాజు దగ్గరికి వచ్చారు.

"ఏం తమ్ముడూ," అన్నాడు జంపయ్య. "పెళ్ళాన్ని ముందు పంపించి నువ్వు ముసలమ్మలతో వస్తున్నావట. ఒక చాప కూడా తెచ్చుకోరాదూ? నడిమి చెరువులో కునుకు తీయడానికి పనికొస్తుంది."

చిట్టెమ్మ కిచకిచ నవ్వింది. పక్కవాళ్ళూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియని వాళ్ళు ఇంకా గట్టిగా నవ్వారు.

నూకరాజు మెడ ఎర్రబడింది. ఈకలు ఉండటం వల్ల ఎవరికీ కనబడలేదు. ఏకబిగి దండు లేచింది. నూకరాజు ఏమీ ఆలోచించకుండా వాళ్ళ వెనకాలే లేచాడు.

నెల రోజులు లేతగడ్డి తిన్న పొట్టతో రెండు రోజుల ప్రయాణానికి బయల్దేరాడన్నమాట.

మడుగు కనుమరుగయ్యాక పైడమ్మ వెనక్కి తిరిగి చూసింది. మొగుడు.

"నువ్వెందుకొచ్చావు మావా?"

"ఊరికే."

"ఊరికే ఎవరైనా మంచుకొండలు దాటుతారా?"

నూకరాజు రెక్కలు ఇంకొంచెం గట్టిగా కొట్టాడు. పొద్దు నడినెత్తికి వచ్చేదాకా బాగానే ఎగిరాడు. పొద్దు వాలేసరికి కుడిరెక్క వాలడం మొదలెట్టింది. ఎడమరెక్క రెండుసార్లు కొడితే కుడిరెక్క ఒకటిన్నరసార్లు కొడుతోంది. దండులోంచి మెల్లగా కిందికి జారుతున్నాడు. మళ్ళీ కష్టపడి పైకి వస్తున్నాడు.

ఎదురుగా మంచుకొండలు కనబడ్డాయి. కింద నడిమి చెరువు అద్దంలా మెరిసింది. కొండలకి ముందు ఉన్న చివరి నీళ్ళు అవే. అది దాటితే ఒక రాత్రి, ఒక పగలు, ఇంకో రాత్రి దిగడానికి చోటుండదు. అంతా మంచు, రాళ్ళు.

పైడమ్మ వేగం తగ్గించి మొగుడి పక్కకి వచ్చింది.

"మావా, కిందికి చూడు."

"చూడను," అన్నాడు నూకరాజు. చూస్తే దిగాలనిపిస్తుందని అతనికి తెలుసు.

ముందు నుంచి జంపయ్య అరిచాడు. "ఎవరైనా దిగితే ఇక మా దండులో చోటు లేదు. ముందే చెబుతున్నా!"

"అన్నయ్యా, గాలికి ఎదురు అరిస్తే ఆయాసం వస్తుంది. ముందు చూసి ఎగురు," అంది పైడమ్మ. తరువాత మొగుడితో నిదానంగా మాట్లాడింది. "నీ పొట్టలో ఈ పూటకే మేత ఉంది. నీ రెక్కలో ఈ పూటకే బలం ఉంది. నువ్వు ఆ మంచులో పడిపోతే ఆ దిబ్బ నాకెందుకు?"

"మరి నువ్వూ దిగుతావా పైడీ?" అన్నాడు నూకరాజు. అతని గొంతులో సిగ్గు పోయింది. బెంగ ఒక్కటే ఉంది.

పైడమ్మ రెక్కలు నాలుగుసార్లు ఊపేంత సేపు ఆలోచించింది. మొగుణ్ణి ఒంటరిగా వదలబుద్ధి కాలేదు. దిగితే తను ఆ చిన్న చెరువులోంచి ఇప్పట్లో లేవలేదు. ఈలోపు నాలుగు దిబ్బలూ నిండిపోతాయి. మళ్ళీ ఒడ్డు. మళ్ళీ నక్క.

"దిగను," అంది. "నేను దిగితే నీకు తోడు ఉంటుంది. దిగకపోతే గుడ్లకి చోటు ఉంటుంది. తోడు కావాలంటే వెనకాల కోటమ్మ మామ్మ వస్తోంది. చోటు మాత్రం నేనే పట్టాలి. నువ్వు కడుపు నిండా తిను. రెక్క బాగుపడ్డాకే లే. ఒక్క రోజు కూడా తొందరపడకు."

నూకరాజు రెక్కలు చాచి చెరువు వైపు జారాడు. పైడమ్మ అతను నీటిని తాకేదాకా చూసి, ముందుకు తిరిగింది.

"అయ్యో, మొగుణ్ణి దారిలో పారేసింది!" అంది చిట్టెమ్మ. అరవై బాతులూ వినేలా అంది.

కాసేపటికి మజిలీ దండు చెరువులో దిగింది. ఒడ్డున తల వాల్చుకుని నూకరాజు కనబడ్డాడు. కోటమ్మ మామ్మ ఏమీ అడగలేదు. అడగకుండా ఉండగలిగిన వాళ్ళని నేను నా జన్మలో ఇద్దరినే చూశాను. రెండో వాళ్ళకి నోరు బాగాలేదు.

"ఈ మూల గడ్డి తియ్యగా ఉంది, తినరా," అంది మామ్మ.

మర్నాడు పొద్దున్నే నూకరాజు బయల్దేరతానన్నాడు. "మామ్మా, అక్కడ పైడి ఒక్కతే ఉంటుంది."

"రెక్క విప్పు," అంది మామ్మ.

విప్పాడు. సగమే విప్పుకుంది.

"నీ నోరు పోదామంటోంది. రెక్క ఉందామంటోంది. ఎగరాల్సింది ఏది?"

నూకరాజు మళ్ళీ గడ్డి దగ్గరికి వెళ్ళాడు. తిన్నాడు. పడుకున్నాడు. మళ్ళీ తిన్నాడు. పెళ్ళాం మీద బెంగతో ఇంత తిన్న బాతుని మామ్మ కూడా చూడలేదట.

ఇక్కడ సంగతి ఇలా ఉంటే, అక్కడ ఏకబిగి దండు మూడో రోజు పొద్దున్నే ఉత్తరపు సరస్సు చేరింది. అందరికంటే ముందు. నాలుగు దిబ్బలూ ఖాళీగా ఉన్నాయి. ఒక దిబ్బ మీద పైడమ్మ వాలింది. పక్క దిబ్బ మీద జంపయ్య, చిట్టెమ్మ వాలారు. మిగతా రెండూ ఇంకో రెండు జంటలు పట్టుకున్నాయి.

పట్టుకున్నారు కానీ, పిల్లలూ, ఆకలి. నెల రోజులు దాచుకున్న కొవ్వంతా దారిలో కరిగిపోయింది. పొట్టలు వీపులకి అంటుకున్నాయి. మేత ఒడ్డున ఉంది. ఆ సరస్సులో కట్టుబాటు ఏమిటంటే, ఖాళీగా ఉన్న దిబ్బ ఎవరు కూర్చుంటే వాళ్ళది.

జంపయ్య, చిట్టెమ్మ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"నువ్వు కూర్చో, నేను తినొస్తాను," అన్నాడు జంపయ్య.

"నువ్వే కూర్చో, నేను తినొస్తాను," అంది చిట్టెమ్మ.

ఇద్దరికీ ఒకే ఆకలి. ఇద్దరికీ ఒకే నీరసం. చివరికి ఆచారం గుర్తొచ్చింది. జంట కలిసే మేయాలి కదా! ఇద్దరూ కలిసి ఒడ్డుకి పోయారు. తిరిగి వచ్చేసరికి వాళ్ళ దిబ్బ మీద వేరే జంట కూర్చుని ఉంది. మధ్యాహ్నానికి ఆ జంటకీ ఆకలేసింది. వాళ్ళూ కలిసే పోయారు. సాయంత్రానికి ఇంకో జంట. ఆ మూడు దిబ్బలూ సంతలో బల్లల్లా అయిపోయాయి.

పైడమ్మ మాత్రం లేవలేదు. ఆమెకీ ఆకలే. కానీ ఆమె కూర్చోవడానికే వచ్చింది.

మొదటి రోజు చిట్టెమ్మ తియ్యగా మాట్లాడుతూ వచ్చింది. "ఎందుకు వదినా ఈ ఉపవాసం? నూకరాజు అన్నయ్య ఇక రాడు. కొంచెం జరుగు, అందరం సర్దుకుందాం."

"వస్తాడు," అంది పైడమ్మ. జరగలేదు.

రెండో రోజు జంపయ్య పెద్దరికంతో వచ్చాడు. "జంట లేని బాతుకి దిబ్బ ఏమిటమ్మా? ఇది ఆచారం కాదు."

"ఆచారం ప్రకారం మీరు కలిసి మేశారు. మీ దిబ్బ ఏది అన్నయ్యా?" అంది పైడమ్మ.

జంపయ్య ఆకాశం వైపు చూసి, ఈసారి చలి ఎక్కువే అని వెళ్ళిపోయాడు.

మూడో రోజు ఇద్దరూ కలిసి బలంతో వచ్చారు. బలం అని వాళ్ళు అనుకున్నారు. దిబ్బల కోసం తిరగడంలో వాళ్ళు సరిగ్గా తిననే లేదు. జంపయ్య ఒక పక్క నుంచి తోశాడు. చిట్టెమ్మ ఇంకో పక్క నుంచి తోసింది. పైడమ్మకి లేవడానికి ఓపిక లేదు. అందుకే లేవలేదు. అది ఆమెకి బాగా కలిసొచ్చింది. కాళ్ళు మట్టిలో దిగేసి, ముక్కుతో గడ్డిదుబ్బు పట్టుకుని కూర్చుంది. దూరం నుంచి చూసేవాళ్ళకి అది కుస్తీలా లేదు. ముగ్గురు చుట్టాలు ఒకరి మీద ఒకరు వాలి సేద తీరుతున్నట్టుంది. చివరికి జంపయ్య కాలు జారి నీళ్ళలో పడ్డాడు.

"రేపు పొద్దున్నే వస్తాం. అప్పటికి నువ్వే పడిపోతావు," అన్నాడు నీళ్ళలోంచే.

ఆ మాట మాత్రం అబద్ధం కాదు. పైడమ్మకి కళ్ళు తిరుగుతున్నాయి. ఒక కొండ రెండు కొండల్లా కనబడుతోంది. ఇంకొక్క రోజు అయితే ఆకలి గెలుస్తుందని ఆమెకే తెలుసు. అయినా నూకరాజు వచ్చే దిక్కుకే ముఖం పెట్టి కూర్చుంది.

తెల్లవారింది. దక్షిణపు కొండ మీద చిన్న గీత కనబడింది. గీత పెద్దదైంది. మజిలీ దండు! అందరికంటే ముందు ఒక బాతు. రెండు రెక్కలూ సమానంగా కొడుతూ, రొమ్ము విరుచుకుని, తిన్నగా దిబ్బ మీదికే వచ్చి వాలింది.

"పైడీ, లే. నేను కూర్చుంటాను," అన్నాడు నూకరాజు.

"ఆలస్యమైంది మావా."

"మామ్మ రానివ్వలేదు."

"మంచి పని చేసింది. నిన్ను చూస్తే తెలుస్తోంది," అంది పైడమ్మ.

ఆమె లేవబోతే కాళ్ళు రాలేదు. నూకరాజు మెడ ఆనించి లేపాడు. ఆమె ఒడ్డుకి ఈదుకుంటూ పోయి, పొద్దున మొదలెట్టి పొద్దు వాలేదాకా తింది. మధ్యలో ఎవరైనా పలకరించారేమో ఆమెకి గుర్తు లేదు.

చెప్పిన మాట ప్రకారం జంపయ్య, చిట్టెమ్మ వచ్చారు. దిబ్బ మీద నూకరాజు ఉన్నాడు. మూడు రోజులు తిని, మూడు రోజులు నిద్రపోయిన నూకరాజు. దారిలో కొంత కొవ్వు కరిగినా ఇంకా సగం మిగిలే ఉంది. అతను లేచి నిలబడి కుడిరెక్క పూర్తిగా విప్పాడు. అంతే.

"ఊరికే పలకరిద్దామని వచ్చాం తమ్ముడూ," అన్నాడు జంపయ్య.

"పలకరించారుగా," అన్నాడు నూకరాజు.

జంపయ్య జంట ఆ ఏడు ఒడ్డునే గూడు కట్టుకుంది. మొదటి గుడ్డు పెట్టిన రోజు ఇద్దరూ కలిసి మేతకి పోయారు. నక్క వచ్చి పోయింది. ఆ రోజు చిట్టెమ్మ ఏడ్చిన ఏడుపు సరస్సంతా విన్నది. పైడమ్మ ఈదుకుంటూ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

"వదినా, ఇక పెట్టబోయే గుడ్ల మీద ఒకరు కూర్చోండి. ఒకరు తినండి. వంతులేసుకోండి. కలిసి తినకపోతే కాపురం చెడదు," అంది.

చిట్టెమ్మ కళ్ళు తుడుచుకుని జంపయ్య వైపు తిరిగింది. "విన్నావా? నువ్వు కూర్చో!" అంది. జంపయ్య కూర్చున్నాడు. అతను అంత త్వరగా ఏ మాటా వినడం ఎవరూ చూడలేదు. రాత్రీ పగలూ గూటి మీద ఎవరో ఒకరు రెక్కలు విప్పుకుని ఉండేసరికి నక్క ఆ వైపు రావడం మానేసింది.

పైడమ్మ ఐదు గుడ్లు పెట్టింది. నెల రోజులు ఆమె, నూకరాజు వంతులేసుకున్నారు. ఒక పొద్దున గుడ్లు ఒకదాని తరువాత ఒకటి చిట్లాయి. మధ్యాహ్నానికి ఐదు పసుపుపచ్చని పిల్లలు దిబ్బ అంచుకి వచ్చి నీళ్ళ వైపు తొంగి చూశాయి. నాలుగు దూకేశాయి. ఐదోది వెనకాడింది.

"తొయ్యనా?" అన్నాడు నూకరాజు.

"వద్దు మావా. దాని కాళ్ళకి తెలుస్తుంది," అంది పైడమ్మ.

ఇద్దరూ నీళ్ళలో ఆగి ఎదురు చూశారు. కాసేపటికి అది కూడా దూకింది.

నీతి: ఏ దారిన ఎలా వెళ్ళాలో నీ ఒంటి బలాన్నీ, అక్కడ నీకున్న పనినీ అడిగి తేల్చుకో; పక్కవాళ్ళ నవ్వుని అడగకు.